చెక్క మోడల్ కిట్‌కి ఏ జిగురు? ముందు మీకు ఎంత టైము కావాలో చూసుకోండి

ఎండాకాలం సెలవులకి మా మేనల్లుడు నెల్లూరు నుంచి చెన్నై వచ్చాడు. బ్యాగులోంచి బట్టల కంటే ముందు బయటికి తీసింది బాల్సా అనే తేలికపాటి చెక్కతో చేసే గ్లైడర్, అంటే మోటారు లేని బొమ్మ విమానం, దాని కిట్. మర్నాడు నేను స్నానం చేసి వచ్చేసరికి రెక్కలు రెండూ అతికించేసి కూర్చున్నాడు, ఇంట్లో ఉన్న క్విక్ జిగురుతో. ఒక రెక్క బల్లకి ఆనుకుని ఉంది. రెండోది నాలుగు వేళ్ల ఎత్తు లేచి సలాం కొడుతోంది. "సర్దుదామనుకునేలోపే పట్టేసింది మామయ్యా" అన్నాడు. ఆ వెంటనే అడిగిన ప్రశ్న మాత్రం భలేది: "దీనికంటే గట్టి జిగురు ఉందా?"

ఉన్నది గట్టిగా ఉండబట్టే కదరా ఈ గొడవంతా!

మొదట్లో నేనూ అదే అడిగేవాణ్ణి. ఇక్కడ చెన్నై ప్యారీస్ కార్నర్‌లో ఒక హార్డ్‌వేర్ కొట్టుకి వెళ్లి, నా అరకొర తమిళంలో ఉన్నవాటిలోకెల్లా గట్టి జిగురు ఇమ్మంటే, కౌంటర్ దగ్గర పెద్దాయన డబ్బా మీద చెయ్యి కూడా వెయ్యకుండా "ఎదుక్కు?" అన్నాడు. దేనికి అని. ఏం చెప్పాలో తెలియక నీళ్లు నమిలాను. ఆ మాటకి జవాబు ఇంట్లోనే ఆలోచించుకుని వెళితే సగం ఎంపిక అయిపోయినట్టే.

నమ్మకం కుదరకపోతే ఒక చిన్న పని చెయ్యండి. ఐస్ పుల్లలు తీసుకుని, రెండేసి పుల్లల్ని అంగుళం మేర ఒకదాని మీద ఒకటి పడేలా అతికించండి. ఒక జతకి తెల్ల జిగురు, ఒకదానికి పసుపు జిగురు, ఒకదానికి క్విక్, ఒకదానికి ఎపాక్సీ (రెండు ట్యూబులు కలిపి వాడేది). ఒక రోజంతా వదిలేసి మర్నాడు విరవండి. నేను విరిచినప్పుడు నాలుగు జతల్లోనూ అతుకు నిలిచింది, దాని పక్కన పుల్ల విరిగింది. బాల్సా ఐస్ పుల్ల కంటే ఇంకా మెత్తన. అలాంటప్పుడు బలం గురించి టెన్షన్ దేనికి? తేడా అంతా వేరే చోట ఉంది. రాశాక ముక్కని సర్దుకోవడానికి ఎంతసేపు ఇస్తుంది, సందు ఉంటే నింపుతుందా, ఆరాక ఉప్పు కాగితానికి లొంగుతుందా, పాలిష్ పట్టనిస్తుందా, మన చెన్నై ఉక్కపోతలో ఎలా ప్రవర్తిస్తుంది. చూడాల్సినవి ఇవి.

ఒక్క చోట మాత్రం ఏ జిగురైనా చేతులెత్తేస్తుంది. చెక్క పీచు కొసలు, అంటే అడ్డంగా కోసిన ముఖాలు రెండూ ఎదురెదురుగా పెట్టి అతికిస్తే ఆ చెక్క జిగురుని స్ట్రాతో తాగినట్టు పీల్చేసుకుంటుంది. అక్కడ ముందు ఒక పూత రాసి, కాసేపు ఆగి, రెండో పూత రాసి అతికించాలి. వీలైతే వెనక చిన్న ముక్క దన్నుగా పెట్టాలి.

తెల్ల జిగురు

మన ఇళ్లలో జిగురుకి మారుపేరు ఫెవికాల్. 1959 నుంచి వడ్రంగుల చేతుల్లో ఉంది. లోపల ఉండేది పాలీవినైల్ అసిటేట్. నీళ్లలో తేలుతున్న సన్నటి ప్లాస్టిక్ రేణువులు అనుకోండి. నీళ్లు కొంత చెక్కలోకి ఇంకుతాయి, కొంత గాలిలోకి పోతాయి, మిగిలిన రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొరగా మారతాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే దాని మంచీ చెడూ మీకే తెలిసిపోతాయి.

మంచి ఏమిటంటే టైము ఇస్తుంది. రాశాక ఐదు నిమిషాలపాటు ముక్కని అటూ ఇటూ జరుపుకోవచ్చు. తప్పు పెట్టామనిపిస్తే తీసి తడిగుడ్డతో తుడిచి మళ్లీ మొదలుపెట్టచ్చు. చవక, వాసన లేదు, పిల్లల చేతికి ఇవ్వచ్చు. రకాల్లో ఎంఆర్ అనేది బడి పనులకి, క్రాఫ్టులకి. ఎస్‌హెచ్ అనేది ఆచారులు, అంటే వడ్రంగులు వాడేది, కాస్త చిక్కగా ఉంటుంది. మెరైన్ రకం తడికి తట్టుకుంటుంది. అల్మరాలో పెట్టుకునే మోడల్‌కి ఎస్‌హెచ్ చాలు. నీళ్లలో వదిలే పడవ అయితేనే మెరైన్.

రాయడంలోనే అందరం పొరపాటు చేస్తాం. డబ్బా మూతితో నేరుగా పిండితే కిట్ ముక్కకి పదింతల జిగురు పడుతుంది. చిన్న మూతలో కొంచెం పోసుకుని టూత్‌పిక్‌తోనో, అగరుబత్తి పుల్లతోనో పల్చగా రాయండి. మందుల షాపులో దొరికే సూది లేని సిరంజి ఇంకా బాగుంటుంది. అతికించి బట్టల క్లిప్పు పెట్టండి. క్లిప్పు పట్టని చోట రబ్బరు బ్యాండు, అదీ కుదరకపోతే మీద రెండు పాత పుస్తకాలు. అరగంట నుంచి గంట వరకు కదపకండి. పూర్తి బలం రావడానికి ఒక రోజు. ఈశాన్య రుతుపవనాల వానల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, గాలే తడిగా ఉంటుంది కాబట్టి ఇంకో పూట ఎక్కువ ఇవ్వండి. ఏసీ గదిలో పెడితే త్వరగా ఆరుతుంది.

అంచు నుంచి పొంగిన జిగురుని వెంటనే తడిగుడ్డతో తుడిచెయ్యాలనిపిస్తుంది. రంగు, పాలిష్ వేసే మోడల్ అయితే తుడవద్దు. తుడిస్తే అది పల్చబడి పీచులోకి దిగుతుంది. అప్పుడేమీ కనపడదు. తీరా స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) వేసినప్పుడు అక్కడ మాత్రం రంగు పట్టక బొల్లిమచ్చలా తేలుతుంది. పావుగంట, ఇరవై నిమిషాలు ఆగితే పొంగిన చుక్క రబ్బరులా అవుతుంది. బ్లేడు కొసతో లేపితే మొత్తం ఒక్క ముక్కగా ఊడొస్తుంది. ఇది చూడ్డానికే ఒక సరదా.

ఇక చెడు. నీళ్ల జిగురు కాబట్టి పల్చటి పలక మొత్తానికి ఒకవైపే రాస్తే అప్పడంలా వంకర పోతుంది. 1 మిల్లీమీటరు బాల్సా మీద ఇది తప్పదు. బరువు పెట్టి ఆరనివ్వాలి. ఆరాక కూడా రబ్బరు గుణం పోదు కాబట్టి ఉప్పు కాగితం రుద్దితే పొడి రాలదు, ఉండలు కట్టి కాగితాన్ని మూసేస్తుంది. మూడోది వేడి. మే నెలలో అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన కారులో మోడల్ వదిలేస్తే అతుకులు మెత్తబడతాయి. వేడి లేకపోయినా, బలవంతంగా వంచి అతికించిన పలక రోజూ లాగుతూ ఉంటే తెల్ల జిగురు నెలల తరబడి కొంచెం కొంచెంగా జారుతుంది. ఓడ మోడల్ కట్టేవాళ్లు పలకల్ని ముందు వేడినీళ్లలో నానబెట్టి, సీసాకి చుట్టి ఆరబెట్టి, వంపు దానంతట అదే నిలిచాక అతికించేది ఇందుకే.

అయితే ఆ వేడి దోషాన్నే ఓడల వాళ్లు వాటం చేసుకున్నారు. పలకకీ, అది కూర్చునే చోటుకీ రెండింటికీ మామూలు తెల్ల జిగురు పల్చగా రాసి పూర్తిగా ఆరనిస్తారు. తర్వాత పలకని దాని చోట పెట్టి, చిన్న ఇస్త్రీ పెట్టెతో పైనుంచి వేడి చేస్తే లోపల రెండు పొరలూ కరిగి ఒకటైపోతాయి. క్లిప్పుల అవసరమే లేదు. మొదటిసారి చేసినప్పుడు నాకే నమ్మకం కలగలేదు. మెరైన్ రకంతో మాత్రం ప్రయత్నించకండి, తడికే కాదు వేడికీ అది అంత తేలిగ్గా లొంగదు.

పసుపు జిగురు

ఇది తెల్లదానికి అన్నయ్య. ఆలిఫాటిక్ రెజిన్ అంటారు, టైట్‌బాండ్ పేరుతో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. త్వరగా పట్టు ఇస్తుంది, ఆరాక గట్టిగా ఉంటుంది, ఉప్పు కాగితం రుద్దితే శుభ్రంగా పొడిలా రాలుతుంది. ధర ఎక్కువ. ఏడాదికి ఒక కిట్ కట్టేవాళ్లకి డబ్బు దండగ. ఓడ మొదలుపెట్టి ఆరు నెలలు దాని మీదే కూర్చునేవాళ్లు మాత్రం కళ్లు మూసుకుని కొనచ్చు. ఎందుకంటే ఆ పనిలో అతికించేది పావు వంతు, రుద్దేది ముప్పావు వంతు.

క్విక్ జిగురు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో ఈస్ట్‌మన్ కొడాక్‌లో పనిచేసే హ్యారీ కూవర్ తుపాకీ గురి కోసం పారదర్శకమైన ప్లాస్టిక్ వెతుకుతూ సయనోఅక్రిలేట్ మీద చెయ్యి వేశాడు. ఏది ముట్టుకున్నా అతుక్కుపోతోందని పక్కన పడేశారు. ఆ గుణమే సరుకని తెలిసి అమ్మకానికి వచ్చింది 1958లో. మన ఫెవిక్విక్ ఈ కుటుంబానిదే.

దీనికి ఆరడం అనేది లేదు. గాలిలో, చెక్కలో ఉన్న తేమ తగిలితే గొలుసు కట్టి గట్టిపడుతుంది. ఇప్పుడు చెన్నై గాలిని తలుచుకోండి. చల్లటి పొడి ఊళ్లో 20 సెకన్లు ఇచ్చే జిగురు ఇక్కడ అంతసేపు ఆగదు. మా వాడి రెక్క కథ అదే. అదీగాక గాలి ఆడని గదిలో, బాగా ఉక్కగా ఉన్న రోజున, దాని ఆవిరి పక్కనున్న చెక్క మీద తెల్లటి బూడిదలా దిగుతుంది. వాల్‌నట్ లాంటి ముదురు చెక్క మీద అది విభూతి పూసినట్టు కనపడుతుంది. తక్కువ జిగురు వాడి, సన్నగా ఫ్యాన్ పెట్టుకుంటే చాలావరకు తప్పుతుంది. ఆ ఘాటు కళ్లకి తగలకుండా ఉండటానికి కూడా ఫ్యాన్ మంచిదే.

కొట్లో దొరికే చిన్న ట్యూబులో ఉండేది నీళ్లలాంటి పల్చటి రకం. హాబీ షాపుల్లో పల్చన, మధ్యస్థం, చిక్కన అని మూడు రకాలు అమ్ముతారు. పల్చటిది వాడే పద్ధతే వేరు. ముందు రాసి అతికించడం కాదు, ముక్కల్ని పొడిగా బిగించి, అన్నీ సరిగ్గా ఉన్నాయని చూసుకుని, అప్పుడు అతుకు మీద ఒక్క చుక్క వదలాలి. అదే సందులోకి పాకుతుంది. బాల్సా విమానాల వాళ్లకి ఇది ప్రాణం. రెక్క లోపలి పక్కటెముకలన్నీ ప్లాను మీద గుండుసూదులతో నిలబెట్టుకుని, వరసగా చుక్కలు వేసుకుంటూ పోతే పది నిమిషాల్లో రెక్క తయారు. మధ్యస్థం రకం రోజువారీ పనికి, చిక్కటిది కొంచెం సందు ఉన్నచోటికి. చిక్కటిది సర్దుకోవడానికి కాస్త టైము కూడా ఇస్తుంది.

సందు మరీ పెద్దదైతే బేకింగ్ సోడా కొంచెం నింపి పల్చటి చుక్క వేస్తే క్షణంలో రాయి అవుతుంది. నిజంగానే రాయి. తర్వాత ఉప్పు కాగితం రుద్దితే చుట్టూ ఉన్న మెత్తటి బాల్సా అరిగిపోతుంది, ఇది మాత్రం గట్టులా మిగులుతుంది. కనపడే చోట ఈ కిటుకు వద్దు.

దెబ్బ తగిలితే పెళుసుగా విరిగే గుణం కూడా ఉంది. పిల్లలు కింద పడేసే బొమ్మకి దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి.

నూలుబట్ట సంగతి విడిగా చెప్పాలి. ఒకసారి చుక్క కారుతుంటే కంగారులో బనియన్ అంచుతో తుడిచాను. రెండు సెకన్లు ఏమీ లేదు. ఆ తర్వాత పొట్ట మీద చురుక్కుమంది, బట్ట నుంచి సన్నగా పొగ. దూది, నూలు తగిలితే ఈ జిగురు ఒక్కసారిగా వేడెక్కుతుంది. ఆ మచ్చ ఇంకా ఉంది, మా ఆవిడ ఇంకా మర్చిపోలేదు. వేళ్లు అతుక్కుంటే గుంజకండి. గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి మెల్లగా దొర్లించి విడదీయండి, లేదా అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్ వాడండి. కంట్లో పడితే మాత్రం రిమూవర్ దగ్గరికి రానివ్వద్దు. నీళ్లతో కడిగి సీదా డాక్టరు దగ్గరికి.

ఎపాక్సీ

రెండు ట్యూబులు, సమానంగా పిండి కలపడం, ఇది అందరికీ తెలిసిందే. ఆరల్డైట్ మనకి అలవాటైన పేరు. 2020లో మన దేశంలో ఆ వ్యాపారాన్ని ఫెవికాల్ కంపెనీ పిడిలైటే కొనేసింది కాబట్టి ఇప్పుడు రెండు డబ్బాలదీ ఒకే ఇల్లు. ఇందులో నీళ్లు లేవు, అందుకే చెక్క వంకర పోదు. గట్టిపడినప్పుడు కుంచించుకుపోదు, అందుకే సందు నింపడంలో దీనికి సాటి లేదు. చెక్కకి ఇనుము, చెక్కకి ప్లాస్టిక్ అతికించాలన్నా, మోటారు బిగించే చోటైనా ఇదే.

5 నిమిషాల రకం అని పెట్టె మీద రాసి ఉంటుంది. అది చల్లటి గది లెక్క. మే మధ్యాహ్నం మన వంటగది పక్క వరండాలో అది మూడు నిమిషాలే అనుకోండి. గిన్నెలో కుప్పగా ఉంచితే దాని వేడికి అదే ఇంకా త్వరగా బిగుసుకుంటుంది. అల్యూమినియం ఫాయిల్ మీద పల్చగా పరిస్తే కొంచెం ఎక్కువ టైము దొరుకుతుంది. నిజంగా తొందర లేకపోతే నెమ్మదిగా గట్టిపడే రకమే తీసుకోండి, చెక్కలోకి బాగా దిగుతుంది. ఒక ట్యూబు ఎక్కువ పిండితే ఎక్కువ గట్టిపడుతుందని కొందరి నమ్మకం. జరిగేది తలకిందులు, జిగటగా ఉండిపోతుంది. బరువు కూడా ఎక్కువే, విమానం తోకలో వాడితే ముక్కులో దానికి తగ్గ బరువు పెట్టుకోవాల్సి వస్తుంది. గ్లవుజులు వేసుకోండి. ఒకసారి చర్మానికి పడకుండా పోతే ఆ దురద మళ్లీ మళ్లీ వస్తుంది.

మిగతావి

రబ్బరు జిగురు, అంటే ఎస్‌ఆర్ 998 లాంటిది, సన్‌మైకా పనికి. రెండువైపులా రాసి ఆరాక అంటించాలి. ఒకసారి తగిలితే మళ్లీ జరపలేం. మోడల్‌లో పెద్ద పల్చటి వెనీర్ (పైన అంటించే చెక్క పొర) అంటించేటప్పుడు తప్ప దీనితో పని లేదు. గ్లూ గన్ సంగతి అడక్కండి: బరువు, ముద్ద, పైగా ఎండకి వదిలేస్తుంది.

పాత ఆచారులు వాడిన వజ్జిరం ఇప్పుడు కొట్లలో అరుదు. తోళ్లు, ఎముకలు ఉడికించి తీసిన జిగురు అది. నేను చెన్నై వచ్చిన కొత్తలో ఒక ఆచారి "వజ్జిరం వేస్తే సరి" అంటే, వంజరం చేపకీ చెక్కకీ ఏం సంబంధమా అని చాలాసేపు ఆలోచించాను. వేడి, తడి తగిలిస్తే అతుకు ఊడొచ్చేస్తుంది దీనికి. వయొలిన్ చేసేవాళ్లు ఇప్పటికీ దీన్ని వదలకపోవడానికి కారణం కూడా అదే, రిపేరుకి విప్పుకోవచ్చు. మన కొండపల్లి బొమ్మల సంగతి చూడండి. తెల్లపొణికి చెక్క చెక్కి, విడి భాగాలని చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అతుకూ, సందు నింపడమూ ఒకే ముద్దతో అయిపోతాయి. ఇప్పుడు మనం తెల్ల జిగురులో చెక్కపొడి కలిపి సందుల్లో దూర్చేది దాని చుట్టమే.

తేమ అనేది చిన్న విషయమనుకుంటే మొస్కిటో విమానాన్ని గుర్తు చేసుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ కట్టిన చెక్క విమానం అది, రెండు బర్చ్ ప్లై పొరల మధ్య బాల్సా. మొదట్లో పాలలోంచి తీసిన కేసిన్ జిగురుతో అతికించారు. మనలాంటి తేమ దేశాలకి అది ఆగదని తర్వాత ఫార్మాల్డిహైడ్ రకానికి మారారు.

ఇక మీ చేతిలో ఉన్న కిట్ సంగతి

లేజర్‌తో కోసిన ప్లైవుడ్ కిట్ అయితే ముందు సూచనల కాగితం చూడండి. యూగేర్స్ లాంటి కదిలే బొమ్మల కిట్లు జిగురే అక్కర్లేకుండా బిగించుకునేలా చేస్తారు, అక్కడ జిగురు రాస్తే గేర్లు తిరగవు. జిగురు కావాల్సిన కిట్ అయితే తెల్లది. లేజర్ కోతకి అంచులు నల్లగా మాడి ఉంటాయి. ఆ మసి మీద జిగురు మసినే పట్టుకుంటుంది, చెక్కని కాదు. ఉప్పు కాగితంతో రెండుసార్లు తేలిగ్గా రుద్దండి, గాడిలో బిగువు పోయేంత వద్దు.

బాల్సా విమానానికి అస్థిపంజరం అంతా పల్చటి క్విక్, రెక్కలు రెండూ కలిసే నడిమి అతుకుకి ఎపాక్సీ. క్విక్ వాసన పడనివాళ్లు తెల్లజిగురుతో కట్టినా బాగానే ఎగురుతుంది, నాలుగు రోజులు ఎక్కువ పడుతుంది అంతే.

ఓడకైతే పసుపు జిగురు, లేదా ఇస్త్రీ పద్ధతిలో తెల్లది. పలక కొసని క్షణంసేపు పట్టుకోవడానికి అక్కడక్కడా క్విక్ చుక్క వేసుకోవచ్చు. ఓడల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. హార్బరు కట్టకముందు ఈ మద్రాసు తీరంలో జనాన్ని అలల మీదుగా ఒడ్డుకి చేర్చిన మసులా పడవలకి మేకులు లేవు. పలకల్ని కొబ్బరితాడుతో కుట్టేవారు. అలకి తగ్గట్టు ఒళ్లు వంచేది కాబట్టి పగిలేది కాదు. మసులా పడవ మోడల్ కట్టాలని నాకు ఎప్పటినుంచో కోరిక. దానికి కావాల్సింది జిగురు కాదు, సూదీ దారమూ, బోలెడు ఓపిక.

పదేళ్లలోపు పిల్లలకి తెల్లది తప్ప ఏదీ ఇవ్వకండి.

మొదటిసారి కొనేవాళ్లు చిన్న ఎస్‌హెచ్ డబ్బా, ఒక మధ్యస్థం క్విక్ సీసా తెచ్చుకుంటే చాలు. ఎపాక్సీ అవసరం వచ్చినప్పుడు చూద్దాం. క్విక్ పెద్ద సీసా చవకని కొనకండి, మన తేమకి సగం అయ్యేలోపే చిక్కబడుతుంది. తెరిచిన సీసాని గట్టి మూత డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచండి. ఫ్రిజ్‌లో పెడితే బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తియ్యొద్దు, లోపల చెమట పట్టిందంటే సీసా మొత్తం పోయినట్టే.

మా వాడి గ్లైడర్ ఏమైందంటారా? సలాం కొట్టే రెక్కని అతుకు దగ్గర బ్లేడుతో కోసి, అంచు రుద్ది, రెండు రెక్కల కొసల కింద సమానమైన ఎత్తున పాత పుస్తకాలు పెట్టి, నడిమి సందులో నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ నింపాం. వాడు స్కేలు పెట్టి కొలుస్తూ, మధ్యమధ్యలో "ఇంకా జరపచ్చా మామయ్యా?" అని అడుగుతూ నాలుగుసార్లు సర్దాడు. ఆదివారం సాయంత్రం ఎలియట్స్ బీచ్‌లో వదిలితే గాలికి ఎదురెళ్లి, ఒకసారి చక్కగా తేలి, రెండోసారి ముక్కు ఇసుకలో దిగబడింది. ముక్కు విరిగింది. నడిమి అతుకు కదల్లేదు. ఇంటికొచ్చి ఆ ముక్కుకి తెల్ల జిగురు రాసి, బట్టల క్లిప్పు పెట్టి పడుకున్నాం.